ఇరవై నాలుగు పట్టీలు

1986 వేసవి. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక, కొత్త కాలనీ మొదట్లో పాండురంగాచారి కొలిమి. పొద్దున తొమ్మిది గంటలు. ఉన్నది ముగ్గురు: ఆయన, భార్య కిష్టమ్మ, రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు దస్తావేజులు రాసే ఆమె తమ్ముడు కోదండం.

“‘మృతుని దేహము నుండి కల్లు వాసన వచ్చుచుండెను.’ పోలీసోళ్ళు పంచనామాల గంతే రాసిండ్రు బావా. తాగిండని రాయలే. వాసన అని రాసిండ్రు.”

“సదివెటోళ్ళకు రెండూ ఒకటే కద తమ్మీ?”

“ఒకటే అక్కా. గందుకే తెలివిగ రాసిండ్రు. పద్దెనిమిదేండ్ల సంది దస్తావేజులు రాస్తున్న, నాకు తెల్వదా? అబద్ధం రాయకుంటనే అబద్ధం చెప్పుడు పెద్ద విద్య. ఏం బావా, ఇంటున్నవా?”

“ఇంటున్న.”

“ఇంటున్నవా, ఆ పట్టుకారు తుడుస్తున్నవా?”

“చేతులు దానికి, చెవులు నీకు.”

“చూసినవా తమ్మీ? ఇరవై దినాల సంది గిట్లనే. అడిగితె ఒక ముక్క చెప్తడు. అడగకుంటె అదీ లేదు.”

“జర ఊకో అక్కా. బావా, పంచనామా మీద మనం అర్జీ పెట్టాలె. బాలకృష్ణ తాగి పీపాల మీదికెక్కిండు, కాలు జారి పడ్డడు, పీప మీద పడ్డది అని కల్లు కాంపౌండు మేనేజరు దశరథ చెప్పిండు. ఠాణాల గదే రాసుకున్నరు. మనం చెప్పేదేంది? పిలగాడు తాగలే. చెక్క పీపాల ఇనుప పట్టీలు బిగించనీకె పోయిండు. కిందున్న పీప పట్టీ తెగింది, చెక్కలిచ్చుకున్నయి, మీది పీప ఒచ్చి మీద పడ్డది. అంతే కద?”

“అంతే.”

“అంతే అని ఊకుంటె ఎట్ల? పట్టీ తెగిందని ఇనుము తెలిసినోడు చెప్పాలె. నేను చెప్తె ఎవలింటరు? నువ్వు కమ్మరోనివి. నీ సంతకం కావాలె.”

“చూద్దాం.”

“ఏం చూస్తవయ్యా? ఇంకేం చూస్తవు?”

“కిష్టమ్మా, లోపల పొయ్యి మీద ఏమన్న ఉన్నదేమో చూడు పో.”

“పొయ్యి మీద ఏం లేదు. ఎవలికి ఒండాలె?”

“సరే సరే. నేను రాసినంత సదువుత, ఇనుండ్రి. ‘మేజిస్ట్రేటు గారి సముఖమునకు. కమ్మరి వృత్తి చేసుకొని జీవించు పాండురంగాచారి, వయస్సు యాభై ఆరు సంవత్సరములు, వ్రాసి సమర్పించుకొను అర్జీ ఏమనగా, నా ఏకైక కుమారుడు బాలకృష్ణ, వయస్సు ఇరవై నాలుగు సంవత్సరములు, ఉత్తరమున...’ థూ.”

“ఉత్తరమున ఏంది?”

“ఏం లేదక్కా. చెయ్యి అలవాటు. పొద్దందాక ప్లాట్లే రాస్తున్న కద. ఉత్తరమున ముప్పై ఫీట్ల రోడ్డు, దక్షిణమున ఫలానోళ్ళ ప్లాటు. ఏ మనిషి పేరు రాసినా ఎనుకనే నాలుగు హద్దులొస్తున్నయి. కొట్టేస్త.”

“కొట్టెయ్యి. వానికి ఇగ హద్దులేంది.”

“ఏడ్వకు అక్కా.”

“ఏడ్వలే. పొగ.”

“పొగేడిది? కొలిమి సల్లగున్నది కద.”

“నువ్వు రాయి తమ్మీ. నాకు ఒక్కటే కావాలె. వాడు తాగలే అని ఆ కాయిదంల ఉండాలె. పోయినోన్ని ఎవలు తెచ్చియ్యరు, నాకెర్కనే. మొన్న పోచంపల్లికెల్లి మనిషొచ్చిండు. మనం సంబంధం మాట్లాడినం కద, ఆ పిల్ల మేనమామ. పలకరించి పోదామని ఒచ్చిన అన్నడు. కూసున్నడు. చాయ్ తాగిండు. పోయేటప్పుడు వాకిట్ల నిలవడి ఏమన్నడో ఎర్కనా? ‘మా పిల్ల అదృష్టం మంచిగున్నదమ్మా, తాగెటోని ఇంట్ల పడలే’ అన్నడు. ఆయన తాగిన గ్లాసు ఇంకా నా చేతులనే ఉండె.”

“నువ్వేమన్నవు?”

“ఏమంట? నా కొడుకు కల్లు ముట్టడంటె, మరి వాసన ఎట్లొచ్చింది అంటడు. ఒచ్చింది తమ్మీ. నేను లేదంటనా? రెండు పీపాల కల్లు మీద పడితె రాదా? మూడుసార్లు తానం పోయించిన. పసుపు రాసిన. కుంకుడుకాయ పెట్టిన. ఒంటి మీదికెల్లి పోయింది గని ఎంటికల్లకెల్లి పోలే. గదే వాసనతోని సాగదోలిన.”

“కిష్టమ్మా.”

“నన్నేం పిలుస్తవు? సంతకం పెట్టు.”

“బావా, ఒక్క మాట అడుగుత. కోపం చెయ్యకు. దశరథ నీతోని ఏమన్న మాట్లాడిండా?”

“ఏం మాట్లాడ్తడు?”

“ఏమన్న ఇస్తమన్నడా? కల్లు కాంట్రాక్టరు రామమోహనరావు దిక్కుకెల్లి?”

“నాకెవలు ఏమియ్యలే. నేనెవలిని ఏమడగలే.”

“మరి రోజూ పొద్దుగాల కాంపౌండుకు పోతున్నవంట?”

“ఎవలు చెప్పిండ్రు?”

“ఎవలో చెప్పాల్నయ్యా? నాకు కండ్లు లేవా? పదకొండో దినం కర్మ అయింది. పన్నెండో దినం తెల్లారంగనే సుత్తె, ఉలి సంచిల ఏసుకున్నవు. ఇయ్యాల తమ్ముడొచ్చిండని ఆగినవు గని, ఆ దినం సంది ఒక్క పొద్దు తప్పలే. పోతవు, ఎండ ముదిరినంక ఒస్తవు. నా కొడుకు పాణం పోయిన జాగ అది. ఆడ నీకేం పని?”

“పనున్నది.”

“గదే, ఏం పని?”

“పట్టీల పని.”

“ఇన్నవా తమ్మీ! పట్టీల పనంట! కొడుకును తిన్న పీపాలకు తండ్రి పోయి పట్టీలు ఎక్కిస్తున్నడు. ఇంత సక్కదనం ఎక్కడన్న ఇన్నవా?”

“నేను కూలి తీస్కుంటలే.”

“తీస్కుంటలేవా? ఊరికెనే చేస్తున్నవా? ఇంకా మంచిగున్నది. పోరన్ని ఇచ్చినం, పని గూడ ఊరికెనే ఇద్దాం. ఇంకేమున్నది ఇంట్ల? నేనున్న. నన్ను గూడ తోల్కపో, ఆడ గిన్నెలు కడుగుత.”

“బావా, నిజంగ ఊరికెనే చేస్తున్నవా?”

“ఆ.”

“ఎందుకు?”

“కోదండం, నీకు ఆఫీసు టైం అయితలేదా?”

“ఆఫీసు నాది కాదు బావా, ఆఫీసు ముంగట గొడుగు నాది. అది ఎప్పుడు తెరిచినా తెరుచుకుంటది. మాట తప్పియ్యకు.”

“తప్పిస్తలే.”

“తప్పిస్తున్నవు. చిన్నప్పటి సంది చూస్తున్న నిన్ను. నువ్వు చెప్పేది లేకుంటె మంచిగనే మాట్లాడ్తవు. చెప్పేది ఉంటె పనిముట్లు తుడుస్తవు. అసలు నిన్ననాలె బావా. ఊరంత బిల్డింగులు లేస్తున్నయి, గేట్లు, గ్రిల్లులు అని జనం కమ్మరోళ్ళ కోసం తిరుగుతున్నరు. నువ్వు పీపాలు పట్టుకొని యాలాడ్తివి. ఆ పీపాలు గూడ ఎన్ని దినాలు? ప్లాస్టిక్ డ్రమ్ములొస్తున్నయంట. ఎల్బీ నగర్ చౌరస్తల వెల్డింగు షెడ్డు పెట్టుకుందామని పిలగాడు ఎన్నిసార్లు మొత్తుకున్నడు? ఒకసారి నన్నే తోల్కపోయి జాగ చూపెట్టిండు.”

“నన్ను గూడ తోల్కపోయిండు.”

“మరి?”

“నీడ లేదన్న.”

“గంతేనా?”

“ఏమనాల్నో తోచలే. నీడ లేదన్న. వాడు నవ్విండు. షెడ్డు ఏస్తె నీడొస్తది కద నాయినా అన్నడు.”

“సరే. ఇగ పని ముచ్చటకొద్దాం. అర్జీకి బలం ఏంది? తెగిన పట్టీ. నేను మొన్న కాంపౌండుకు పోయిన. ఇరిగిన చెక్కలు చూపెట్టిండ్రు. పట్టీలు ఏవంటె ఐదు తెచ్చి పడేసిండ్రు. పీపకు ఆరు పట్టీలు కద, ఆరోది ఏదయ్యా అంటె దశరథ నవ్విండు. వాడే మాయం చేసిండు బావా. తుప్పువట్టిన పాత పట్టీ అయ్యుంటది. గది బైటికొస్తె కాంట్రాక్టరు మెడకు పడ్తది. గందుకే నేనిట్ల రాసిన, ఇను. ‘సదరు పీపాకు గల ఇనుప పట్టీ మిక్కిలి పాతది, తుప్పుపట్టినది, దానిని మార్పించవలెనని నేను పలుమార్లు చెప్పియుంటిని. వారు పెడచెవిని పెట్టిరి.’ ఎట్లున్నది?”

“కొట్టెయ్యి.”

“ఏంది?”

“పాతదన్న మాట కొట్టెయ్యి.”

“గది కొట్టేస్తె అర్జీల ఏముంటది బావా? ఉత్తరం, దక్షిణం ఉంటయి.”

“పాతదని నేను వాళ్ళకు ఎన్నడు చెప్పలే.”

“చెప్పకుంటె ఇప్పుడు చెప్పయ్యా! ఒక్క మాట. పాత పట్టీ తెగింది, నా కొడుకు తాగలే అని. నీ నోట్లెకెల్లి ఒక్క మాటొస్తె వాని పేరు మీది మరక పోతది. ఆ మాటకు గూడ కరువొచ్చిందా నీకు? వాడు బతికున్నప్పుడు వాన్ని మెచ్చుకోలే. బెజ్జం వంకర పొడిచినవంటవు, దెబ్బ తేలిక కొట్టినవంటవు. పోయినంకనన్న ఒక్క మంచి మాట...”

“పాండురంగాచారిగారూ! ఉన్నారా? అయ్యో, చుట్టాలొచ్చారా?”

“రాండ్రి లలితమ్మగారూ. మా తమ్ముడు. తమ్మీ, గీయమ్మ ఎనుక ఇంట్ల ఉంటది. విజయవాడ దిక్కోళ్ళు.”

“నమస్తే అమ్మా.”

“నమస్తే అండీ. కూర్చోండి, లేవకండి. ఏం లేదు చారిగారూ, మా గేటు కొక్కెం సంగతి కనుక్కుందామని వచ్చాను. తొందరేం లేదు. ఇలాంటప్పుడు అడగడం బాగోదు, నాకు తెలుసు. గేటుకి తాడు కట్టుకుని సర్దుకుంటున్నాం. నిన్న బర్రెలొచ్చి మందార మొక్కలన్నీ తినేశాయి, మా వారు నా మీద ఎగిరారు. అయినా తొందరేం లేదు.”

“రేపిస్తనమ్మా.”

“రేపు వద్దులెండి, నిదానంగా ఇవ్వండి. రేపు ఎన్నింటికి?”

“పొద్దుగాల.”

“అలాగే. మీరు మళ్ళీ పని మొదలుపెడుతున్నారు, అదే సంతోషం. నిజం చెప్పొద్దూ, కొత్తలో ఈ మోత పడలేక కాలనీ సంఘంలో చెప్పాలనుకున్నాం. ఇప్పుడు మోత లేకపోతే ఇల్లు ఏదోలా ఉంది. వంటింట్లోంచే చెప్పేసేదాన్ని, ఎవరి చెయ్యో. మీ అబ్బాయిది తేలిక చెయ్యి, మీది బరువు. ఆఖరిసారి మీరిద్దరూ కలిసి అంతసేపు కొట్టడం ఆ అమావాస్య రోజే కదూ నేను విన్నది.”

“అమాస నాడు మేము కొట్టమమ్మా. మా కులంల అమాసకు కొలిమి పని చెయ్యరు. అమాస నాడు మాకు సెలవు.”

“అదేంటి కిష్టమ్మగారూ, కొట్టారు కదండీ. ఆ రోజు మా వారు వాళ్ళ నాన్నగారికి తర్పణం వదులుతున్నారు. ఈ మోతలో శాస్త్రిగారి మంత్రం వినపడ్డంలేదని ఒకటే సణుగుడు. పన్నెండింటికి మొదలైంది, సాయంత్రం దాకా ఆగితేనా. పొగ మాత్రం లేదు. రోజూ పొగొచ్చి బట్టలు నల్లబడేవి, ఆ రోజు పొగ లేకుండా మోతొక్కటే ఏంటా అని కూడా అనుకున్నాను.”

“గది ఏరే దినం కావచ్చమ్మా.”

“వేరే రోజెలా అవుతుందండీ చారిగారూ? తర్పణం అమావాస్యకే కదా...”

“కొక్కెం నేనే తెచ్చి బిగిస్త. రేపు పొద్దుగాల ఏడింటికి.”

“...సరేనండీ. వెళ్ళొస్తాను. కిష్టమ్మగారూ, కాస్త ఏదైనా తినండమ్మా. సగమైపోయారు.”

“మంచిదమ్మా.”

“పోయింది అక్కా. ఇగ...”

“నువ్వాగు తమ్మీ. ఏమయ్యా. అమాస నాడు కొట్టినవా? నిన్నే.”

“కొట్టినం.”

“నేను ఇంట్ల లేకుంట చూసి.”

“ఆ.”

“అల్మాస్‌గూడల అక్క ఇంటికి పోయి మాపటికొస్తి. వాడు అరుగు మీద కూసోని పేపరు సదువుతుండె. చేతులు నల్లగున్నయేందిరా అంటె, సైకిల్ చైను ఎక్కించిన అమ్మా అన్నడు.”

“నేనే అట్ల చెప్పుమన్న.”

“నా కొడుకు నాతోని అబద్ధమాడిండు?”

“వాడు ఆడలే. నేను ఆడిపిచ్చిన.”

“బావా, ఏం కొట్టిండ్రు ఆ దినం?”

“పట్టీలు.”

“ఎవలికి?”

“కాంపౌండుకే. నాలుగు పీపాలు. ఇరవై నాలుగు పట్టీలు. మర్నాడు పొద్దుగాలనే లారీ ఒస్తదని దశరథ మనిషి మీద మనిషిని తోలిండు.”

“కొత్త పట్టీలా?”

“కొత్తయి.”

“అంటె... తెగింది?”

“వాటిల్దే.”

“నీకెట్ల ఎర్క? ఆరో పట్టీ దశరథ దాచిండు కద?”

“దశరథ ఏం దాయలే. నువ్వడిగింది ఏందో అర్థంగాక నవ్వుంటడు. కొలిమి తిత్తి కింద చెయ్యి పెట్టు. ఇంకా లోపలికి. గుడ్డ మూట ఉంటది, తియ్యి.”

“గిదా? ఏందిది బావా, నూనె రాసి పెట్టినవా?”

“తుప్పు పడితె సదవరాదు.”

“నువ్వు తెచ్చినవా?”

“పన్నెండో దినం పోయి మొదలు గదే దేవులాడిన. ఎనుక చెత్తల పడేసిండ్రు. తెగిన కాడ చూడు. ఏం కనవడ్తున్నది?”

“ఇనుము కనవడ్తున్నది. నాకు కాయిదం సదువొస్తది బావా, ఇనుము రాదు.”

“సగం నల్లగున్నది, సగం తెల్లగున్నది. చూసినవా? తెల్లది ఆ దినం తెగింది. నల్లది అంతకు ముందే చిట్లి ఉన్నది. నేను బెజ్జం పొడిచిన నాడే చిట్లింది.”

“ఎట్ల?”

“పట్టీ రెండు కొసలు ఒకదాని మీద ఒకటి పెట్టి, బెజ్జాలు పొడిచి, రివిట్లు కొడ్తం. ఎర్రగ కాల్చి పొడిస్తె ఇనుము పక్కకు జరిగి తొవ్విస్తది. సల్లగ పొడిస్తె జరగది. చిట్లుతది. ఎంటికంత. పైకి కనవడది. పీపల కల్లు పోస్తె చెక్క ఉబ్బుతది, పట్టీని లోపల్నుంచి దొబ్బుతది. పొద్దూ మాపూ దొబ్బుతనే ఉంటది. ఎనిమిది దినాలు ఆగింది. తొమ్మిదో దినం వాడు పోయి, పట్టీ కిందికి దిగాలని సుత్తెతోని కొట్టిండు. పంచనామాల రాసినట్లు వాడు పీపాల మీదికి ఎక్కలే కోదండం. కింద కూసున్నడు. పట్టీ బిగియ్యాలంటె కిందనే కూసోవాలె. కింది పీప ముంగట, గొంతు కూసోని.”

“మరి నువ్వు రోజూ ఆడికి పోయేది...”

“ఆ దినం కొట్టినయి తీసేస్తున్న. మల్ల కాల్చి కొట్టినయి ఎక్కిస్తున్న. ఇంట్ల కాలిస్తె మీ అక్క అడుగుతది, ఆడనే చిన్న కుంపటి పెట్టుకున్న. పగిలిన పీపయి పోయినయి. రెండు పీపలయి మార్చిన. నాలుగోది దొరకలే. ఆరు పట్టీలు. లారీ మీద బాటసింగారం దిక్కు పోయిందంటరు, ఏ దుకాన్ల దించిండ్రో చెప్పరు. ఆడ గూడ ఎవడో ఒకడు దాని ముంగట కూసుంటడు కద.”

“దశరథకు చెప్పకపోయినవా బావా, గిట్ల గిట్ల ఆ పీప తెప్పియ్యమని?”

“చెప్తె, ఎందుకు అంటడు.”

“అయితె ఎందుకో చెప్పు! ఇప్పుడన్న చెప్పు బావా. పాతదన్న మాట ఇగ కొట్టేసినట్టే. ఏం రాయాల్నో చెప్పు.”

“రాయి. మొదలు, వాడు తాగలే అని రాయి. పట్టీ తెగి పీప మీద పడ్డది, వాసన గందుకే ఒచ్చిందని రాయి. నాలుగో పీప దేవులాడి తెప్పియ్యమని రాయి. ఠాణోళ్ళు అడిగితె దొరుకుతది, నేనడిగితె దొరకలే. పట్టీలు కొట్టింది నేనని రాయి. బెజ్జాలు నేనే పొడిచిన, వాడు రివిట్లే కొట్టిండు. ‘నా నిర్లక్ష్యము వలన’ అంటరు కద మీ భాషల, గట్ల రాయి.”

“నీ మీద కేసయితది బావా. సమజయితున్నదా? జైలయితది.”

“కానీ.”

“ఇరవై దినాల సంది గిది కడుపుల పెట్టుకొని, నా కొడుకును తాగుబోతును చేసి ఊరుకున్నవా? పోచంపల్లాయన అన్నప్పుడు నువ్వు ఈడనే ఉంటివి కద. ఇన్నవు కద!”

“ఇన్న.”

“ఇని, ఈ పట్టుకారే తుడుస్తున్నవా?”

“తుడుస్తున్న.”

“జైలుకు భయపడ్డవా?”

“భయపడ్డ అనుకో.”

“అనుకో అంటె ఏంది? నువ్వు దేనికి భయపడ్తవో నాకు తెల్వదా? ముప్పై రెండేండ్లయింది నీ ఇంటికొచ్చి. నువ్వెన్నడన్న సల్లటి ఇనుముకు బెజ్జం పొడిచినవా? పోరడు పిల్లగున్నప్పుడు ఒకసారి ఆటకు పొడిస్తె చెంప పలగ్గొట్టినవు. మరి ఆ దినం ఎందుకు సల్లగ పొడిచినవు?”

“తొందరుండె.”

“తొందరుంటె కొలిమి ముట్టిస్తరు.”

“అమాస కద.”

“అమాస నాడు సుత్తె పట్టినోనివి నిప్పు ముట్టియ్యవా? పాపం సగమే చేసినవా? ఏమాయె నీకు? ఎందుకు ముట్టియ్యలే?”

“ఊరికెనే.”

“ఊరికెనేనా?”

“బద్ధకమైంది. ముట్టియ్యలే. వదిలెయ్యి కిష్టమ్మా. రాసినవా కోదండం? రాసింది సదువు.”

“‘...సదరు పట్టీలను అమావాస్య దినమున, నా ఇష్టప్రకారముగా, కొలిమి ముట్టించకనే...’”

“ఆ. గట్లనే. ఏడ పెట్టాలె సంతకం?”

“ఆగు తమ్మీ.”

“ఏందక్కా?”

“కొలిమి ముట్టియ్యలే అని రాసినవా?”

“బావ గట్లనే చెప్పిండు కద.”

“కిష్టమ్మా, నువ్వు లోపలికి పో.”

“అబద్ధం చెప్తున్నడు తమ్మీ. ముట్టియ్యలే అన్నది అబద్ధం.”

“లోపలికి పో అంటున్న.”

“ఇరవై దినాల సంది లోపలికి పొమ్మంటున్నవు. పొయ్యి చూడుమంటున్నవు. గిందుకేనా? నేను అడగొద్దనా?”

“నువ్వనుకునేది కాదు. బొగ్గు ఇంకో బస్త ఉండె. నువ్వు పోయినంక మల్ల ముట్టియ్యొచ్చు. ముట్టిద్దామని అన్నడు గూడ వాడు. అమ్మ వద్దని పోయింది, అమ్మ మాట తీసెయ్యొద్దు, సల్లగనే కొడ్దామని నేనే అన్న. అన్నది నేను. రాయి కోదండం, నా పేరే రాయి.”

“రాయకు తమ్మీ. ఆ ముక్క కొట్టెయ్యి. కొట్టేసినవా? ఇప్పుడు నేను చెప్పింది రాయి. అమాస నాడు పొద్దుగాలనే బాలకృష్ణ కొలిమి ముట్టిచ్చిండు. బొగ్గులు ఎర్రగైనయి. అమాసకు నిప్పు చేస్తె ఇంటి కొడుక్కు కీడని, బిందెడు నీళ్ళు తెచ్చి కొలిమిల పోసి, వాని తల్లి అల్మాస్‌గూడ పోయింది. రాసినవా?”

“అక్కా...”

“తల్లి అని రాసి ఊకోకు. కిష్టమ్మ అని పేరు రాయి.”